2147483647: ఆయిలర్ తేల్చిన ప్రధాన సంఖ్య కంప్యూటర్లకు హద్దు ఎలా అయింది?

క్లుప్తంగా: 2147483647 అంటే 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. ఇది 2³¹ − 1కి సమానం. రుణ సంఖ్యలకూ చోటిచ్చే 32 బిట్ల కౌంటర్ చేరుకోగలిగే అతి పెద్ద విలువ ఇదే. 1772లో గణితవేత్త లియోనార్డ్ ఆయిలర్ ప్రధాన సంఖ్య అని తేల్చిందీ దీన్నే. ఈ రెండు విషయాలకూ కారణాలు వేరువేరు. అవి ఒకే సంఖ్య దగ్గర కలవడం మాత్రం ర్యాండమ్ నంబర్ల తయారీలో బాగా కలిసొచ్చింది.

2038 సమస్య (ఆ ఏడాది పాత కంప్యూటర్ల కాలం లెక్క తప్పడం) గురించి వార్త వచ్చినప్పుడల్లా ఈ పది అంకెల సంఖ్య మళ్లీ చర్చలోకి వస్తుంది. డేటాబేస్‌లో ఐడీలు సరిగ్గా ఇక్కడికొచ్చి ఆగిపోతాయి. గేమ్‌లో స్కోరు ఇది దాటగానే మైనస్‌లోకి పడిపోతుంది. ఈ సంఖ్య ఏమిటా అని వెతికితే ‘మెర్సెన్ ప్రధాన సంఖ్య’ అన్న వివరణ కనిపిస్తుంది. దాంతో, ప్రధాన సంఖ్య కాబట్టే కంప్యూటర్లు దీన్ని హద్దుగా పెట్టుకున్నాయేమో అన్న అనుమానం వస్తుంది. నిజానికి ఆ రెండింటికీ సంబంధం లేదు. ఎందుకు లేదో తెలియాలంటే ముందు సంఖ్య లోపలి నిర్మాణం చూడాలి.

31 ఒకట్ల వరుస

మామూలు పద్ధతిలో రాస్తే 2147483647లో ప్రత్యేకత ఏమీ కనబడదు. బైనరీలో రాస్తే మాత్రం అసలు రూపం బయటపడుతుంది. అందులో ఒక్క సున్నా కూడా ఉండదు, వరుసగా 31 ఒకట్లు ఉంటాయి. 2ను ఏదో ఒక ఘాతానికి హెచ్చించి 1 తీసేస్తే వచ్చే ప్రతి సంఖ్యా ఇలాగే ఉంటుంది. వీటిని మెర్సెన్ సంఖ్యలు అంటారు.

ఒకట్ల వరుస ఎంత పొడవుందన్న దాన్నిబట్టే చాలా సంగతులు తెలిసిపోతాయి. ఉదాహరణకు 15 ఒకట్లు తీసుకుందాం. వాటిని మూడేసి చొప్పున 111 111 111 111 111 అని విడదీయొచ్చు. అంటే ఈ సంఖ్యను 111 (అంటే 7) నిశ్శేషంగా భాగిస్తుంది. ఐదేసి చొప్పున విడదీస్తే 11111 (అంటే 31) కూడా భాగిస్తుంది. అందుకే 2¹⁵ − 1, అంటే 32767, ప్రధాన సంఖ్య కాదు. అది 7 × 31 × 151. ఒకట్ల సంఖ్యను సమాన భాగాలుగా విడగొట్టగలిగితే చాలు, మొత్తం సంఖ్యకు కారణాంకాలు దొరికిపోతాయి.

31 ఒకట్లను అలా విడగొట్టలేం, ఎందుకంటే 31 ప్రధాన సంఖ్య. అలాగని 2³¹ − 1 ప్రధాన సంఖ్య అని రుజువైపోదు, అయ్యే అవకాశం మిగిలి ఉంటుందంతే. ఈ తేడాను పట్టించుకోకపోవడం వల్లే పాత గణితవేత్తలు కొందరు పొరబడ్డారు.

ఆయిలర్ జల్లెడ

ఇటలీకి చెందిన పియెట్రో కటాల్డీ 1603లో ప్రచురించిన పుస్తకంలో 23, 29, 31, 37 ఘాతాలకు కూడా ప్రధాన సంఖ్యలు వస్తాయని రాశాడు. వాటిలో ఒక్క 31 విషయంలోనే అతని మాట నిలిచింది. 23, 37 తప్పని 1640లో ఫ్రాన్స్ గణితవేత్త ఫెర్మా చూపించాడు. 29 తప్పని తర్వాత ఆయిలర్ చూపించాడు. మిగిలిన 31ని తేల్చడం కొంచెం కష్టమైన పని.

ఒక సంఖ్య ప్రధాన సంఖ్యో కాదో చూడాలంటే దాని వర్గమూలం వరకూ ఉన్న ప్రధాన సంఖ్యలన్నింటితో భాగించి చూడటం నేరుగా ఉండే దారి. 2147483647 వర్గమూలం 46340 దాటి ఉంటుంది. అంతవరకూ దాదాపు 4,800 ప్రధాన సంఖ్యలున్నాయి. చేత్తో అన్ని భాగహారాలు చేయడం అసాధ్యం కాదు గానీ, ఎక్కడో ఒకచోట లెక్క తప్పకుండా పూర్తి చేయడం దాదాపు అసాధ్యం. ఆయిలర్ ఆ పనిని రెండు జల్లెడలతో తగ్గించేశాడు.

మొదటి జల్లెడ ఇది. ఏదైనా ప్రధాన సంఖ్య 2³¹ − 1ను భాగిస్తోందనుకుందాం. 2, 4, 8, 16... ఇలా 2 ఘాతాలను ఆ భాజకంతో భాగించుకుంటూ పోతే శేషాలు ఒక చక్రంలా తిరుగుతాయి. 31వ అడుగులో శేషం 1 వస్తుంది కాబట్టి చక్రం పొడవు 31ని భాగించాలి. 31 ప్రధాన సంఖ్య కనుక ఆ పొడవు 31 కాక తప్పదు. మరోవైపు, ఆ పొడవు భాజకం కన్నా 1 తక్కువైన సంఖ్యను కూడా భాగించాలని ఫెర్మా సిద్ధాంతం చెబుతుంది. భాజకం ఎటూ బేసి సంఖ్యే. ఇవన్నీ కలిపితే భాజకాన్ని 62తో భాగించినప్పుడు శేషం 1 రావాల్సిందే.

రెండో జల్లెడ ఇంకా చురుకైనది. భాజకంతో భాగిస్తే 2³¹కి శేషం 1 అయినప్పుడు 2³²కి శేషం 2 అవుతుంది. 2³² అంటే 2¹⁶కి వర్గం. అంటే ఈ శేషాల లోకంలో 2 ఒక వర్గ సంఖ్య. అలా జరిగే బేసి ప్రధాన సంఖ్యలను 8తో భాగిస్తే శేషం 1 గానీ 7 గానీ మాత్రమే వస్తుంది.

రెండూ కలిపితే, భాజకాన్ని 248తో భాగించినప్పుడు శేషం 1 లేదా 63 ఉండాలి. 46340 లోపు అలాంటి సంఖ్యలు సుమారు 370. వాటిలో ప్రధాన సంఖ్యలు 80 చిల్లర. 4,800 భాగహారాలు కాస్తా 80కి దిగివచ్చాయి.

వరుసలో మొదట పరీక్షకు నిలిచేది 311. 63, 249 రెండూ సంయుక్త సంఖ్యలే కాబట్టి ముందే పోతాయి. 2147483647ను 311తో భాగిస్తే 6905092 సార్లు పోయి శేషం 35 మిగులుతుంది. అంటే 311 భాజకం కాదు. తర్వాత 1303, ఆ తర్వాత 1489... ఇలా చివరిదాకా ఒక్కటీ నిశ్శేషంగా భాగించలేదు. ఇదే జల్లెడను 29 ఘాతానికి వాడితే ఏమవుతుందో చూడండి. అక్కడ రెండు షరతులకూ నిలిచే మొదటి ప్రధాన సంఖ్య 233. అదే 536870911ను నిశ్శేషంగా భాగించేస్తుంది. 23 ఘాతానికి మొదటి అభ్యర్థి 47, అదీ అంతే. కటాల్డీ చేతిలో ఈ జల్లెడ ఉండుంటే రెండు మూడు భాగహారాల్లో తన తప్పు తనకే తెలిసిపోయేది.

ఫలితాన్ని ఆయిలర్ 1772లో అచ్చయిన ఒక లేఖలో చెప్పాడు. ఆ తర్వాత చాలా దశాబ్దాలపాటు లోకానికి తెలిసిన అతి పెద్ద ప్రధాన సంఖ్య ఇదే. ప్రధాన సంఖ్యల వరుసలో దీని స్థానం 10,50,97,565.

1870ల్లో ఎడ్వర్డ్ లూకాస్, 1930లో డి.హెచ్. లేమర్ మెరుగుపరిచిన పరీక్ష వచ్చాక భాగహారాల అవసరమే లేకుండా పోయింది. 4తో మొదలుపెట్టి, వర్గం చేసి 2 తీసేసి, మెర్సెన్ సంఖ్యతో భాగించగా వచ్చిన శేషాన్ని తీసుకుని మళ్లీ అదే పని చేయాలి. ఘాతం కన్నా రెండు తక్కువసార్లు చేశాక సున్నా వస్తే అది ప్రధాన సంఖ్య. చిన్న ఉదాహరణగా 2⁵ − 1, అంటే 31ని పరీక్షిద్దాం. 4 నుంచి 14 వస్తుంది. 14 వర్గంలోంచి 2 తీస్తే 194, 31తో భాగిస్తే శేషం 8. 8 వర్గంలోంచి 2 తీస్తే 62, శేషం 0. మూడే అడుగులు. 2147483647కి 29 అడుగులు సరిపోతాయి.

పరిపూర్ణ సంఖ్యతో లంకె

6ను, అదే సంఖ్యను వదిలేస్తే, భాగించేవి 1, 2, 3. వాటిని కూడితే మళ్లీ 6. ఇలాంటివాటిని పరిపూర్ణ సంఖ్యలు అంటారు. ప్రతి మెర్సెన్ ప్రధాన సంఖ్య నుంచీ ఒక పరిపూర్ణ సంఖ్య పుడుతుందని యూక్లిడ్ కాలం నుంచే తెలుసు. 2147483647ను 2³⁰తో గుణిస్తే 2305843008139952128 వస్తుంది. ఇది ఎనిమిదో పరిపూర్ణ సంఖ్య.

ఇంగ్లండ్‌కు చెందిన పీటర్ బార్లో 1811లో దీని గురించి రాస్తూ, ఇంతకన్నా పెద్ద పరిపూర్ణ సంఖ్య ఎప్పటికీ దొరకదని తేల్చేశాడు. కారణం కూడా చెప్పాడు. ఇవి కుతూహలం తీర్చుకోవడానికే తప్ప దేనికీ పనికిరావు కాబట్టి, ఇంతకు మించి వెతికే ఓపిక ఎవరికీ ఉండదన్నాడు. 1876లో లూకాస్ 39 అంకెల 2¹²⁷ − 1ను ప్రధాన సంఖ్యగా నిరూపించడంతో పరిపూర్ణ సంఖ్యలు ఒక్కసారిగా 77 అంకెలకు చేరాయి. 2024 అక్టోబరులో ప్రకటించిన 52వ మెర్సెన్ ప్రధాన సంఖ్యకైతే 4,10,24,320 అంకెలున్నాయి. దేనికీ పనికిరావన్న మాటను ఆ తర్వాత కంప్యూటర్లు పూర్వపక్షం చేశాయి.

కౌంటర్ ఇక్కడే ఎందుకు ఆగుతుంది

కంప్యూటర్లలో చాలాకాలం పూర్ణాంకానికి 32 బిట్లు కేటాయించడం ఆనవాయితీగా ఉండేది. 32 గడుల్లో సున్నాలు, ఒకట్లు నింపే పద్ధతులు 4294967296 ఉన్నాయి. ఇందులో సగం రుణ సంఖ్యలకు పోతుంది. మిగిలిన సగంలో సున్నాకు ఒక చోటివ్వాలి. అందుకే ధన సంఖ్యల వైపు 2147483647 దగ్గర ఆగితే, రుణ సంఖ్యల వైపు −2147483648 దాకా వెళ్లొచ్చు. ఇదంతా గడుల లెక్క మాత్రమే. ప్రధాన సంఖ్య అవునా కాదా అన్న ప్రశ్న ఇందులో ఎక్కడా రాదు.

హద్దు దాటితే ఏమవుతుంది? మొదటి గడిలో సున్నా, తర్వాత 31 ఒకట్లు ఉన్నప్పుడు 1 కలిపితే, బండి మీటరులో తొమ్మిదులన్నీ ఒక్కసారిగా తిరిగినట్టు ఒకట్లన్నీ సున్నాలైపోయి మొదటి గడిలో ఒకటి వచ్చి కూర్చుంటుంది. మొదటి గడిలో ఒకటి ఉంటే రుణ సంఖ్య అని కంప్యూటర్ అర్థం చేసుకుంటుంది. అలా 214 కోట్ల ప్లస్ నుంచి ఒక్క అడుగులో 214 కోట్ల మైనస్‌లోకి జారిపోతుంది.

2014 డిసెంబరులో యూట్యూబ్‌లో ఒక కొరియన్ పాట వీడియో వీక్షణలు ఈ హద్దు దాటినప్పుడు చాలామంది మొదటిసారి ఈ సంఖ్య పేరు విన్నారు. కంపెనీ అప్పటికే కౌంటర్‌ను 64 బిట్లకు మార్చేసింది. 2015లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ బోయింగ్ 787 విమానాల మీద ఒక ఆదేశం ఇచ్చింది. 248 రోజులు ఏకధాటిగా విద్యుత్ ఆన్‌లో ఉంటే జనరేటర్లను నియంత్రించే సాఫ్ట్‌వేర్‌లో కౌంటర్ నిండిపోతుందన్నది దాని సారాంశం. సెకనులో నూరో వంతు చొప్పున 2147483647 లెక్కపెడితే సరిగ్గా 248 రోజుల మీద కొన్ని గంటలవుతుంది. (ఆయిలర్ జల్లెడలో వచ్చిన 248కీ దీనికీ ఏ సంబంధమూ లేదు. అక్కడ అది 8 × 31.)

2022 జనవరి 1న మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్ మెయిల్ సర్వర్లలో మెసేజ్‌లు కదలకుండా ఆగిపోయిన ఘటన ఇంకా స్పష్టమైన ఉదాహరణ. అక్కడ ఒక వెర్షన్ నంబరును తేదీతో తయారుచేసేవారు. మొదటి రెండంకెలు సంవత్సరం, తర్వాత నెల, రోజు, ఆపైన మరో నాలుగంకెలు. 2021 డిసెంబరు చివరి రోజుదాకా ఆ నంబరు 2112తో మొదలయ్యేది. అది 2147 కన్నా తక్కువే కాబట్టి 32 బిట్లలో పట్టింది. కొత్త సంవత్సరం రాగానే నంబరు 2201010001 అయింది. హద్దు దాటిపోయింది, ప్రోగ్రాం చేతులెత్తేసింది.

ఇక 2038 విషయం. యూనిక్స్ తరహా వ్యవస్థలు 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లతో కాలాన్ని కొలుస్తాయి. ఆ లెక్క 2038 జనవరి 19న అంతర్జాతీయ సమయం ప్రకారం 03:14:07కి 2147483647 అవుతుంది. 32 బిట్ల లెక్కనే పట్టుకుని ఉన్న పరికరం మరుసటి సెకనును 1901 డిసెంబరు 13గా చదువుతుంది. 64 బిట్లకు మారిన వ్యవస్థల్లో ఈ గొడవ లేదు. వాటి హద్దు దాదాపు 29,200 కోట్ల సంవత్సరాల దూరంలో ఉంది. టెన్షన్ అంతా మార్చడానికి వీల్లేకుండా ఎక్కడో బిగించేసిన పాత పరికరాల గురించీ, పాత ఫైల్ ఫార్మాట్ల గురించీ.

కలిసొచ్చింది ఒక్కోసారే

హద్దుకూ ప్రధాన సంఖ్యకూ సంబంధం లేదనడానికి పక్కనున్న హద్దులే సాక్ష్యం. 8 బిట్లకు హద్దు 127, అది ప్రధాన సంఖ్య. 16 బిట్లకు 32767, పైన చూసినట్టు అది కాదు. 32 బిట్లకు అవును. 64 బిట్లకు 9223372036854775807, అంటే 63 ఒకట్ల వరుస. 63ను మూడేసి, ఏడేసి చొప్పున విడగొట్టొచ్చు కాబట్టి 7, 127 రెండూ దాన్ని భాగించేస్తాయి. 128 బిట్ల దగ్గర లూకాస్ నిరూపించిన 2¹²⁷ − 1 రావడంతో మళ్లీ ప్రధాన సంఖ్యే. బిట్ల సంఖ్యను 2 ఘాతంగా ఎంచుకోవడం ఇంజినీర్ల సౌకర్యం. ప్లస్, మైనస్ గుర్తుకు ఒక బిట్ పోగా మిగిలిన 7, 15, 31, 63, 127లలో ఏది ప్రధాన సంఖ్య అన్నది వాళ్ల చేతిలో లేదు.

రెండు గుణాలూ పనికొచ్చిన చోటు

కంప్యూటర్‌తో ర్యాండమ్‌గా కనిపించే సంఖ్యలు పుట్టించడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. చేతిలో ఉన్న సంఖ్యను ఒక స్థిర సంఖ్యతో గుణించి, మరో స్థిర సంఖ్యతో భాగించి, శేషాన్ని తీసుకోవాలి. ఆ శేషంతో మళ్లీ అదే పని. భాజకంగా 2147483647ను, గుణకంగా 16807ను పెట్టిన పద్ధతి 1969లో ప్రచురితమైంది. 1988లో పార్క్, మిల్లర్ దీన్నే కనీస ప్రమాణంగా సిఫారసు చేశారు. సీ ప్లస్ ప్లస్ భాష ప్రామాణిక లైబ్రరీలో ఇప్పటికీ ఇది ఉంది.

1తో మొదలుపెడితే తర్వాత 16807, ఆపైన 282475249, ఆపైన 1622650073 వస్తాయి. ఈ వరుస 1 నుంచి 2147483646 వరకూ ఉన్న ప్రతి సంఖ్యనూ ఒక్కొక్కసారి తాకి, అన్నీ అయిపోయాకే మళ్లీ మొదటికి వస్తుంది. భాజకం ప్రధాన సంఖ్య కాకపోతే ఇంత నిండు చక్రం రాదు. గుణకం ఎంపికలోనూ కిటుకు ఉంది. 2147483646 = 2 × 3² × 7 × 11 × 31 × 151 × 331. ఈ భాజకానికి నిండు చక్రాన్ని ఇచ్చే అతి చిన్న సంఖ్య 7. పైన చూపిన కారణాంకాల్లో 5 లేదు కాబట్టి 7ను ఐదో ఘాతానికి హెచ్చించినా చక్రం తెగదు. 7⁵ అంటే 16807.

ప్రధాన సంఖ్యలు ఇంకా చాలా ఉన్నాయి, ఇదే ఎందుకు? 32 బిట్లలో సరిగ్గా పడుతుందన్నది ఒక కారణం. భాగహారం చేయకుండానే శేషం దొరుకుతుందన్నది రెండోది. 9తో భాగిస్తే వచ్చే శేషం కోసం అంకెలు కూడుకుంటాం కదా, 10ని 9తో భాగిస్తే 1 మిగలడమే దానికి కారణం. ఇక్కడ 2³¹ది అదే పాత్ర. 16807కి ఘనం 4747561509943 తీసుకుందాం. బైనరీలో దాని చివరి 31 గడుల విలువ 1622647863, వాటికి ముందున్న భాగం విలువ 2210. రెండూ కూడితే 1622650073, అంటే వరుసలో పైన వచ్చిన సంఖ్యే. భాగహారం ఖరీదైన పనిగా ఉన్న పాత యంత్రాల్లో ఇది పెద్ద లాభం. 64 బిట్ల యంత్రాల్లో హద్దు దగ్గర ప్రధాన సంఖ్య లేదు కాబట్టి, ఇలాంటి పనులకు కాస్త వెనక్కి తగ్గి 2⁶¹ − 1ను వాడుతుంటారు. పాస్‌వర్డ్‌లు, గుప్తలిపి లాంటి వాటికి మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. ఒక్క సంఖ్య తెలిస్తే చాలు, తర్వాతివన్నీ ఎవరైనా చెప్పేయొచ్చు.

ఇరుగుపొరుగు

2147483647కు వెనకున్న ప్రధాన సంఖ్య 2147483629, ముందున్నది 2147483659. 8తో భాగిస్తే శేషం 7 కాబట్టి దీన్ని మూడు వర్గాల మొత్తంగా రాయలేం, నాలుగు కావాల్సిందే. దీనికి 2 కలిపితే వచ్చే 2147483649 ప్రధాన సంఖ్య కాదు. కానీ దాన్ని 3తో భాగిస్తే వచ్చే 715827883 ప్రధాన సంఖ్యే.

దీనికి రెట్టింపు మీద 1 ఉన్న 4294967295 మరో దారి పట్టింది. రుణ సంఖ్యలను వదిలేస్తే 32 బిట్లకు హద్దు అదే. 32ను సగాలుగా విడగొట్టుకుంటూ పోవచ్చు కాబట్టి అది 3 × 5 × 17 × 257 × 65537గా ముక్కలైపోతుంది. ఈ ఐదూ ఫెర్మా ప్రధాన సంఖ్యలు, అంటే 2 ఘాతానికి 1 కలిపితే వచ్చే ప్రధాన సంఖ్యలు. దాంతో 4294967295 భుజాలున్న క్రమ బహుభుజిని స్కేలు, వృత్తలేఖినితో సూత్రప్రాయంగా గీయొచ్చు. అలా గీయగలమని తెలిసిన బేసి భుజాల బహుభుజుల్లో అదే అతి పెద్దది. 2147483647 భుజాలతో అలా గీయలేం.

గొలుసులో తర్వాతి మెట్టు

2⁵ − 1 = 31, ప్రధాన సంఖ్య. 2³¹ − 1 = 2147483647, ప్రధాన సంఖ్య. మరి 2ను 2147483647వ ఘాతానికి హెచ్చించి 1 తీసేస్తే? ఆ సంఖ్యలో దాదాపు 64.6 కోట్ల అంకెలుంటాయి. ఇప్పటిదాకా తెలిసిన అతి పెద్ద ప్రధాన సంఖ్యకు అది పదిహేను రెట్లకు పైగా పొడవు. అంత సంఖ్య మీద లూకాస్ పరీక్ష నడపాలంటే తలకు మించిన పని.

అయినా సమాధానం తెలుసు. అది సంయుక్త సంఖ్య. ఇక్కడా పనికొచ్చింది ఆయిలర్ జల్లెడే. భాజకాలను అప్పట్లో 62 అంతరంతో వెతికితే, ఇక్కడ 2147483647కు రెట్టింపు అంతరంతో వెతకాలి. ఆ అంతరానికి 68745 రెట్ల మీద 1 కలిపితే వచ్చే 295257526626031 దాన్ని నిశ్శేషంగా భాగిస్తుంది. సరిచూడటానికి 64.6 కోట్ల అంకెలూ రాయనక్కర్లేదు. ఘాతం బైనరీలో 31 ఒకట్లే కాబట్టి, 2తో మొదలుపెట్టి, వర్గం చేసి రెట్టింపు చేస్తూ ప్రతిసారీ ఈ 15 అంకెల సంఖ్యతో శేషం తీసుకుంటే 30 అడుగుల్లో 1 వచ్చేస్తుంది. ఈ భాజకాన్ని 8తో భాగిస్తే శేషం 7, అంటే రెండో జల్లెడకూ నిలిచినట్టే.